పుట్టినూరి పళ్లు

ఒంగోలులో పొదిలి బస్సెక్కి కూర్చున్నాక పక్క సీటావిడ నాతో అన్న మొదటి మాట, కిటికీ అద్దం కాస్త వెయ్యమని. రెండో మాట, "మీది కాలవల ఊరా అమ్మా?"

"ఎట్లా తెలిసింది?" అన్నాను.

"నవ్వారుగా."

ఆమె నవ్వినప్పుడు మాత్రం పైట చెంగు నోటికి అడ్డం వచ్చింది. అది సిగ్గులా లేదు, ఏళ్ల తరబడి చేతికి పడిన అలవాటులా ఉంది. కొంగు జారిన ఒక్క క్షణంలో చూశాను. పై పళ్ల మీద అడ్డంగా పసుపు చారలు, వాటి మధ్య ముదురు మచ్చలు. తుప్పు నీళ్లు కారిన సున్నపు గోడలా ఉన్నాయి.

మాది తెనాలి పక్క ఊరు. ఇంటి ముందే కృష్ణ కాలవ. నా పళ్లు తెల్లగా ఉన్నాయంటే దానికి మా నాయనమ్మ బలవంతాన నమిలించిన వేపపుల్లలు కారణమని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను. పొదిలి దాకా పోకుండానే, చీమకుర్తి రాతి క్వారీల దుమ్ములో, ఆ గర్వం కాస్తా పోయింది.

నా సంచిలో మూడు జిరాక్స్ కట్టలున్నాయి. ఒకటి 1937 నాటిది, ఒకటి 1955ది, మరొకటి 1973ది. మూడూ డాక్టర్లు రాసిన పరిశోధన వ్యాసాలే. మొదటిది అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల మీద, మిగతా రెండూ నల్గొండ మీద. మ్యాపులో వాటిని కలుపుతూ గీత గీస్తే అది పొదిలి దగ్గర మొదలై, దర్శి, వినుకొండ, మాచర్ల మీదుగా పోయి, నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ దాటి నల్గొండలో తేలుతుంది. గుళ్ల దారి పట్టి యాత్ర చేసేవాళ్లున్నారు, నేను కాగితాల దారి పట్టాను. బయల్దేరే ముందు మా పెద్దమ్మ, "ఆ ఊళ్లలో చూడ్డానికేముందే?" అంది. ఆమెకేం చెప్పాలో అప్పుడు తెలియలేదు.

*

పొదిలిలో దిగేసరికి ఫిబ్రవరి ఎండ అప్పుడే ఏప్రిల్‌ను తలపిస్తోంది. ఊరి బయట పొగాకు బ్యారన్ల దగ్గర కట్టెల పొగ. దర్శి రోడ్డు మలుపులో టీ కొట్టు ముందు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన నావైపు చూడాలంటే మెడ తిప్పడం లేదు, నడుము దగ్గర నుంచి మనిషే తిరుగుతున్నాడు. జిరాక్స్‌లో ఎన్నోసార్లు చదివిన మాట అది. వెన్నుపూసలను కలిపి ఉంచే కట్లు కూడా ఎముకలా గట్టిపడిపోయి వెన్నంతా ఒకే కర్ర అయిపోతుందని. చదవడం వేరు. నాకు టీ అందిద్దామని ఆయన ఒళ్లంతా తిప్పడం చూడటం వేరు.

1937లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ముగ్గురు కలిసి ఆ వ్యాసం రాశారు: షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలో ఉన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. మనుషుల నడుములు వంగిపోయే ఈ జబ్బుకు మూలం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని మన దేశంలో మొదట స్పష్టంగా తేల్చింది ఈ నేల మీదే. షార్ట్ తర్వాత లండన్ వెళ్లి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్నమ్‌తో కలిసి కనిపెట్టాడు. లోకం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది దానికే. పొదిలి, దర్శి, కనిగిరి ఆయన జీవితంలో చిన్న అధ్యాయం. ఈ ఊళ్లకు మాత్రం ఆయన పెద్ద అధ్యాయమే కావాలి. కానీ టీ కొట్టు దగ్గర నేను ఆ పేరు చెబితే ఎవరికీ తెలియలేదు.

డాక్టర్లకంటే ముందు ఈ జబ్బును పట్టుకున్నది రైతులని ఫ్లోరోసిస్ మీద రాసిన పుస్తకాలు చెబుతాయి. అదీ మనుషుల్లో కాదు, దుక్కిటెడ్లలో. వయసులో ఉన్న ఎద్దు కాడి కింద కాలు ఈడుస్తుంది. కీళ్లు బిగుస్తాయి, పడుకున్నది లేవలేదు. కొత్త ప్రాంతం నుంచి కొనుక్కొచ్చిన జత కూడా నాలుగైదు దుక్కులకు అదే దారి పడుతుంది. ఎద్దుకు పట్టిందే మనిషికీ పట్టిందని అర్థం కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఈ మాట పెద్దాయనతో అంటే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఎద్దుకైతే రూపాయలు పోసి కొంటిమి గదమ్మా. అందుకే ముందు అది కనపడింది," అన్నాడు.

నా మూడు కట్టల్లోనూ ఈ వాక్యానికి సాటి వచ్చే వాక్యం లేదు.

గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరిన్ ఉండే ఖనిజాలుంటాయి. వానలు తక్కువై, నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవుంటే, అందులోనూ సున్నం తక్కువ, సవుడు ఎక్కువ ఉన్న నీరైతే, ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఇంకా విచిత్రం, సున్నం తక్కువ నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది. నీళ్లు మంచివో కావో తేల్చడానికి మన ఆడవాళ్లకు తరతరాలుగా ఉన్న పరీక్ష అదే కదా, కందిపప్పు ఉడికిందా లేదా అన్నది! ఆ పరీక్షలో చాలాచోట్ల నెగ్గేది ఈ నీళ్లే. నాలుకను, పొయ్యిని నమ్ముకున్నవాళ్లు మోసపోయారంటే వాళ్ల తెలివితక్కువ కాదు.

అవే ఏళ్లలో అమెరికాలో ఇదే మూలకం మీద వేరే కథ నడిచింది. అక్కడా కొన్ని ఊళ్లలో పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. డీన్ అనే డాక్టరు ఊరూరా నీళ్లు కొలిచి, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర ఫ్లోరైడ్ ఉంటే పళ్లు పుచ్చిపోవడం తగ్గుతుందని తేల్చాడు. 1945 జనవరిలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం కొళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. అక్కడ చెంచాలతో కొలిచి పోసినదాన్నే ఇక్కడ భూమి కుండలతో పోసింది.

వాళ్లు ఇంకొకటి కూడా గమనించారు. ఎండలెక్కువ ఉండే ఊళ్లలో మనుషులు నీళ్లెక్కువ తాగుతారు గనక, అక్కడ కలపాల్సిన ఫ్లోరైడ్ తగ్గాలి. 1962లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఉష్ణోగ్రతను బట్టి 0.7 నుంచి 1.2 దాకా మెట్లు కట్టింది. చూడ్డానికి చిన్న సవరణే. నాకు మాత్రం ఈ ప్రయాణం మొత్తానికి తాళంచెవి అక్కడే దొరికింది. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5. ఈ అంకెలన్నీ నీళ్లకు. మనిషికి కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బావి ఒకటి అనుకోండి. నీడపట్టున ఉండే కరణం రోజుకు రెండు లీటర్లు తాగితే ఆయన ఒంట్లోకి 6 పోతాయి. అదే ఊళ్లో ఎండలో పార పట్టే కూలీ ఆరు లీటర్లు తాగితే 18. బావి ఒకటే, నీళ్ల పరీక్ష కాగితం మీద అంకె ఒకటే. ఆ కూలీకి పాలూ పెరుగూ దొరక్కపోతే సున్నం తక్కువై ఆ పద్దెనిమిదీ ఇంకా లోతుగా దిగుతాయి. భూగర్భ శాస్త్రం ఊళ్లను గుర్తుపడుతుంది, ఊళ్లో మనిషిని గుర్తుపట్టేది కూలి రేటు.

టీ కొట్టాయన టిన్ను నీళ్లే వాడుతున్నాడు. ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల నీలం టిన్ను. "ఇప్పుడు బోరు నీళ్లు ఎవరూ తాగట్లేదండీ," అన్నాడు. నిజమే. కానీ వెనక వంటగదిలో ఆయన భార్య బియ్యం ఎసరు పెట్టింది బోరు నీళ్లతోనే. టిన్ను కొనేది తాగడానికి. అన్నానికి, పప్పుకు, పులుసుకు కూడా కొంటే నెలకెంతవుతుందో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది. ఉడికేటప్పుడు నీరు ఆవిరవుతుంది గాని ఫ్లోరైడ్ ఆవిరి కాదు. ఎసరులో మిగిలిందంతా మెతుకులోకి పోతుంది. ఆమెకది తెలుసు. "తెలిస్తే ఏం జేస్తాం చెల్లెమ్మా," అంది.

*

దర్శి, కురిచేడు, వినుకొండ, కారెంపూడి. బస్సులు మారడంలోనే ఒక పగలు పోయింది. రాసుకోదగ్గది పెద్దగా లేదు, ఒక్కటి తప్ప. సాగర్ కుడి కాలవ నీళ్లు అందే చోట పొలం రంగు మారుతుంది. ఈ పక్క కంది మోళ్లు, ఎర్రమట్టి, తుమ్మ. ఆ పక్క అకస్మాత్తుగా పచ్చ. రోడ్డు మీద ప్రయాణిస్తున్నవాడికి అది కంటికింపు. బస్సులో నా వెనక సీటు కుర్రాడు మాత్రం ఫోనులో ఎవరితోనో, "కాలవ కింద సంబంధం రా, వదులుకోకు," అంటున్నాడు. అతను పొలం గురించే అని ఉండొచ్చు.

మాచర్లలో రాత్రి పడుకుని, తెల్లారి సాగర్ చేరాను. విజయపురి సౌత్ నుంచి ఆనకట్టను చూస్తే ఇప్పటికీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఇరవయ్యారు గేట్లు, రాతి కట్టడం, కింద సన్నగా కృష్ణ. చిన్నప్పుడు బడి వాళ్లు విహారయాత్రకు తీసుకొచ్చింది ఇక్కడికే. అప్పుడు మాకు చెప్పిన పాఠం నెహ్రూ, ఆధునిక దేవాలయం, 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన.

ఈసారి సంచిలో రెండో కట్ట ఉంది. ఎ. హెచ్. సిద్దిఖీ అనే డాక్టరు 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాసిన వ్యాసం. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, ఎక్స్‌రే చిత్రాలతో సహా. అది అచ్చయిందీ ఆ 1955 డిసెంబర్‌లోనే. నది ఒడ్డున కొబ్బరికాయ కొట్టిన నెలలోనే, ఆ నదికి కొన్ని మైళ్ల దూరంలో ఉన్న మనుషుల వెన్నెముకలు లండన్ పత్రికలో అచ్చయ్యాయి. ఇటు రాయి వేసినవాళ్లు అది చదివారో లేదో.

మా డెల్టాకు కృష్ణ నీళ్లు బెజవాడ ఆనకట్ట నుంచి 1855లో వచ్చాయి. తెల్లదొరల పన్నుల లెక్కల కోసమే కట్టినా, నీళ్లు నీళ్లే. మా ముత్తాత తరానికే మా పళ్లు తెల్లబడ్డాయన్నమాట. సాగర్ నుంచి కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. ఆ నీళ్లు పల్లం చూసుకుని పోయాయి. ఆనకట్టకు వెనకా పైనా ఉన్న మెట్ట మండలాలు, కృష్ణ ఏ జిల్లాలోంచి పారుతుందో ఆ జిల్లావే, ఇంకో మూడు నాలుగు దశాబ్దాలు బోరింగులు కొట్టుకుంటూ ఉండిపోయాయి. నది ఒడ్డున ఉండటం వేరు, నది వాటాలో ఉండటం వేరు.

మూడో కట్టను ఆనకట్ట ఎదురుగా కూర్చునే తీశాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్'లో రాసింది. నల్గొండ ఊళ్లలో వాళ్లకు కొత్త రూపం కనిపించింది. అంతకుముందు వర్ణించిన రోగులు ఎక్కువగా పెద్దవాళ్లు, వాళ్ల ఎముకలు మందమై బండబారాయి. ఇప్పుడు కనపడ్డవాళ్లు కుర్రాళ్లు. మోకాళ్లు లోపలికి ఒంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. వెన్ను గట్టిపడుతూనే కాలి ఎముకలు మాత్రం గుల్లబారుతున్నాయి.

ఎందుకు? తార్నాక వాళ్లు ముందు కంచంలోకి చూశారు. ఈ కాళ్లు ఎక్కువగా జొన్న తినేవాళ్లలో కనిపించాయి. తర్వాత 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య మనుషుల మీదే కొలిచి చూస్తే, జొన్నన్నం తిన్నప్పుడు ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్, వరన్నం తిన్నప్పటికంటే ఎక్కువని తేలింది. ఇంకో పోగు కూడా లాగారు. పెద్ద జలాశయం చుట్టుపక్కల ఊటతో భూమిలో నీటి మట్టం పెరుగుతుంది, నేల క్షారం ఎక్కుతుంది. క్షారం ఎక్కిన నేలలో పండిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువ పీలుస్తుంది. అది ఒంట్లో రాగిని తరిమేస్తుంది. రాగి తగ్గితే ఎముక అల్లిక వదులవుతుంది. ఇది రుజువైన గొలుసు అనను. కొన్ని కొక్కేలు గట్టివి, కొన్ని ఊహకు దగ్గరివి. కానీ ఆ ఊహ చేసిన ధైర్యం నాకు నచ్చింది. దేశమంతా ఈ ఆనకట్టను పొగుడుతున్న రోజుల్లో, ప్రభుత్వ సంస్థలోనే కూర్చుని, దీని ఊట పేదవాడి మోకాలి దాకా వచ్చిందేమోనని అడిగారు.

అప్పట్లో జొన్నన్నం అంటే చేతకానివాడి కూడు. కాలవ కిందివాడు వరన్నానికి మారాడు, మెట్టవాడు జొన్న దగ్గరే ఉండిపోయాడు. ఇవాళ హైదరాబాద్‌లో సాయంత్రమైతే జొన్నరొట్టెల బండ్ల ముందు షుగరున్న పెద్దమనుషులు కార్లాపుకుని వరుసలో నిలబడతారు. నేనూ నిలబడతాను. మాకు మంచినీళ్లున్నాయి గనక జొన్న మాకు మందు.

చింతపండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బడి పిల్లలకు రోజూ కొంత చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని అదే సంస్థ వాళ్లు 2002లో రాశారు. పులుసన్నం తినే జాతికి ఇంతకంటే ఊరడింపు ఏముంటుంది! కాకపోతే చింతపండు కిలో ధర కూడా ఈ మధ్య ఊరడించేలా లేదు.

*

హాలియా మీదుగా నల్గొండ చేరేసరికి సాయంత్రం.

ఈ ఊరి పేరు ఒక పద్ధతికి పెట్టారని ఊళ్లో చాలామందికి తెలియదు. 'నల్గొండ టెక్నిక్'. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసింది. నీళ్లలో కొలత ప్రకారం పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి బాగా కలిపి, తేరుకోనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కు పోతుంది. బిందెతోనూ చెయ్యొచ్చు, ట్యాంకుతోనూ చెయ్యొచ్చు. కరెంటు అక్కర్లేదు. టాంజానియాలో, ఇథియోపియాలో ఫ్లోరైడ్ నీళ్లతో అవస్థపడే ఊళ్లు మన నల్గొండ పేరు పలుకుతూ పటిక కలిపాయి. మన నల్గొండలో మాత్రం అది నిలవలేదు. కాగితం మీద అది చవకే. రోజూ పొద్దున్నే కొలిచి, కలిపి, కాచుకుని, మడ్డి ఎత్తిపోసే చెయ్యి ఎవరిదో ఆ కాగితంలో లేదు. కూలికి పోవాల్సిన ఆడమనిషి చెయ్యి అది. పటిక ఎక్కువైతే నీళ్లు వగరు. మడ్డి ఎక్కడ పారబోయాలో కూడా ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల సమయానికి ఖరీదు కట్టని లెక్కలు ఇలాగే చవగ్గా వస్తాయి.

పరిశోధన ఇన్నేళ్లు నడిచింది, నీళ్లు నడిచి రాలేదు. అందుకే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ ఒక పని చేసింది. దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా పోయి నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవాళ్లు 480 మంది. బ్యాలెట్ కాగితం కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది. ఈ సంఘటనను ఇప్పటికీ క్విజ్ పోటీల్లో వింతగా అడుగుతారు. 'ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో అత్యధిక అభ్యర్థులు?' జవాబు చెప్పినవాడికి ఐదు మార్కులు. ఎందుకు నిలబడ్డారన్నది ప్రశ్నలో ఉండదు.

మన పత్రికల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఈ జబ్బు పేరెత్తితే చాలు, 'ఫ్లోరైడ్ భూతం', 'ఫ్లోరైడ్ రక్కసి'. నేనూ ఒకప్పుడు అలాంటి శీర్షిక పెట్టినదాన్నే. భూతమన్నాక ఎవరి మీదా కోపం రాదు. మంత్రం వేయించాలి, లేదా ఊరు విడిచిపోవాలి. పైపు ఏ సంవత్సరం ఎటు పోవాలని ఎవరు సంతకం పెట్టారో అడగాలన్న ఆలోచన రాదు.

*

మర్నాడు మునుగోడు, చండూరు దాటి మర్రిగూడ వైపు పోయాను. బత్తాయి తోటలు, పత్తి కట్టెలు, గుండ్రాళ్ల గుట్టలు, వాటి మధ్య తాటిచెట్లు. ఒక ఊళ్లో దిగి నడుస్తుంటే ఎర్ర రంగు వేసిన బోరింగు కనిపించింది. తాగొద్దని గుర్తు. రంగు సగం వెలిసిపోయింది. దాని పక్కనే ప్రభుత్వ మంచినీళ్ల పథకం మిషన్ భగీరథ నల్లా. ఆ నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఆమె, నన్ను ఆరోగ్య శాఖ మనిషి అనుకుని ఇంటికి రమ్మంది. కాదని చెప్పినా, "ఎవలైతేంది, ఎండల పడి వచ్చినవ్, రా అక్కా," అంది.

ఇంట్లో గడప పక్కన మంచం మీద ఆమె అత్తగారు. డెబ్బై దాటి ఉంటాయి. నడుము నేలను చూస్తోంది. నన్ను చూడ్డానికి ముఖం పక్కకు తిప్పి కిందినుంచి పైకి కళ్లెత్తింది. పళ్లు కొన్నే మిగిలాయి, మిగిలినవి గార పట్టి అంచులు విరిగినవి.

"యాడికెళ్లి వచ్చినవ్ బిడ్డా?"

తెనాలి అని చెప్పాను. ఆమెకు తెనాలి తెలియదు. కృష్ణ కాలవ పక్కన అన్నాను. అది తెలిసింది.

"మా కోడలు గూడ కాల్వ దిక్కుదే. మిర్యాలగూడ పక్కపొంటి. ఇరవై ఎనిమిదేండ్లాయె తెచ్చుకొని. నా పండ్లు సూసి బయటోళ్లు చేసుకోరని మా నాయిన నన్ను మేనరికమే ఇచ్చిండు. నా కొడుక్కన్న తెల్లపండ్ల పిల్లను తేవాలని తిరిగిన, తిరిగి తెచ్చుకున్న."

కోడలు టీ గ్లాసు పెట్టి నవ్వింది. కొంగు అడ్డం రాలేదు. ముత్యాల్లాంటి పళ్లు. కానీ గ్లాసు నేల మీద పెట్టడానికి ఆమె వంగలేదు. గోడ పట్టుకుని, ఒక కాలు చాపి, పక్కకు ఒరిగి పెట్టింది. లేచేటప్పుడు నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది.

"పదేండ్ల సంది గిట్లనే అక్కా. కింద కూసోరాదు. బొక్కలన్ని గుంజుతయ్. కైకిలి పోవుడు బంజేసిన."

డాక్టర్ల పుస్తకాల్లో ఇది రెండు వేరు వేరు పేజీల్లో ఉంటుంది. పంటి పింగాణీ పసితనంలోనే తయారవుతుంది. ఏడెనిమిదేళ్లు దాటాక ఏ నీళ్లు తాగినా పళ్ల మీద మచ్చ పడదు. ఎముక మాత్రం బతికున్నన్నాళ్లూ పాతది తీసేసి కొత్తది కట్టుకుంటూనే ఉంటుంది. ప్రతి కట్టులోనూ ఆనాటి నీళ్లు కలుస్తాయి. పళ్లు పుట్టినూరిని చెబుతాయి, ఎముకలు మెట్టినూరిని చెబుతాయి. ఆడపిల్లను అత్తారింటికి పంపే దేశంలో ఈ రెండు పేజీలూ ఒకే మనిషిలో కలుస్తాయి. కోడలి నోట్లో మిర్యాలగూడ కాలవ, నడుములో మర్రిగూడ బోరింగు. బస్సులో నన్ను గుర్తుపట్టినావిడ కూడా నా పళ్లలో కాలవనే చూసింది.

2020లో కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాల సంఖ్య సున్నా అయింది. కృష్ణ నీళ్లు పైపుల్లో ఇళ్ల దాకా రావడం చిన్న పని కాదు. దాన్ని తేలిక చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. ఈ ఇంటి ముందు నల్లా నిజం, అందులో వచ్చే నీళ్లు నిజం. ఆ సున్నా కూడా ఆవాసాలకే, మనుషులకు కాదు. ఎముకలో చేరింది పైపు వచ్చిందని దిగిపోదు, దించే మందూ లేదు. కోడలి నడుము ఏ పట్టికలో ఉందని అడిగితే, పింఛను కోసం, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపుకు పోయి వచ్చిన కథ చెప్పింది. శాతం సరిపోలేదట.

"నల్లా రోజూ వస్తదా?" అన్నాను.

"వస్తది. పైపు పలిగిన దినం రాదు. గా దినం బోరే."

అప్పుడే బడి నుంచి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. కోడలి పెద్ద కూతురి బిడ్డ. తల్లీ తండ్రీ హైదరాబాద్‌లో బిల్డింగు పనుల మీద ఉంటే, పుట్టినప్పటి నుంచీ ఇక్కడే పెరుగుతోంది. ఆరేళ్లు దాటాయి. ముందు పళ్లు రెండూ ఊడాయి. ఒకచోట కొత్తది తొంగిచూస్తోంది.

ముసలామె మంచం మీద నుంచి చెయ్యి చాపింది. "ఇటు రా. ఈ అను."

పిల్ల విసుక్కుంది. రోజూ ఇదే పని అన్నట్టు కళ్లు తిప్పి, నోరు తెరిచి, "ఈ" అంది. ముసలామె గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. నేనూ వంగి చూశాను. చిగురులోంచి బియ్యపు గింజంత వచ్చింది. అంచు తెల్లగానే ఉంది.

"తెల్లగున్నదే?" అంది ముసలామె. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు, నన్నే అడుగుతోంది.

"తెల్లగానే ఉందమ్మా."

"ఇంక సగమే గద వచ్చింది," అని పిల్ల గడ్డం వదిలిపెట్టింది.